ముందు కూర్చుంటే

ఆ రోజు మార్చి పదకొండు, తిన్నది ఒక ఆపిల్. తేదీ ఎందుకు గుర్తుందంటే, పెళ్ళయి ఇంకా వారం తిరగకముందే, ఇదే గేటు ముందు, ఇదే ఏటవాలు రోడ్డు మీద, ఇలాంటి సాయంత్రపు ఎండే వీపుకి తగులుతుండగా, ఆయన మొదటిసారి ఆమె సైకిల్ క్యారియర్ మీద కూర్చున్నాడు. కాళ్ళు చెరోవైపుకి వేలాడేసుకుని, కదులుతున్న సైకిల్ మీదే చాకుతో ఆపిల్‌ని రెండు చెక్కలు చేశాడు. త్రాసులు సరిచేసే ఉద్యోగం, చేతులు ఊరుకోవు కదా, రెండు చెక్కల్నీ చెరో అరచేతిలో పెట్టుకుని, చేతులు రెండు పక్కలకీ చాచి, ఏది ఎక్కువ తూగుతోందో చూసుకున్నాడు. తూగినదాన్ని కొరికి, రెండోదాన్ని ఆమె భుజం మీదుగా అందించాడు. ఆమె అందుకుంది. తల తిప్పలేదు, రోడ్డు మీంచి చూపు మళ్ళించలేదు. "పెద్ద చెక్క మీరే ఉంచుకున్నారు కదూ," అంది. నోట్లో ఉన్న ముక్కని నమలాలో మింగాలో ఆయనకి తోచలేదు.

ఎలా తెలిసింది? అదే గేటు ముందు నిలబడి, అదే సైకిల్ హ్యాండిల్‌ని రెండు చేతులా పట్టుకుని, ఇవాళ కూడా ఆయన అదే అడుగుతున్నాడు, ఎవర్ని అడుగుతున్నాడో తెలియకుండానే. వర్క్‌షాపు మూసేశారు. టైర్లలో గాలి నిండుగా ఉంది, సీటు ఎత్తు కాలికి సరిపోయింది, టిఫిన్ డబ్బా సంచీని క్యారియర్ మీద పెట్టి తాడుతో కట్టాడు, బెల్లు ఒకసారి మోగించి చూశాడు, మోగింది, పనేమీ లేకపోయినా ఇంకోసారి మోగించాడు. గుండె చూడబోతే పరీక్ష హాలు బయట నిలబడ్డ కుర్రాడి గుండెలా కొట్టుకుంటోంది, దాని వయసేమిటో దానికి గుర్తున్నట్టు లేదు. వీధి దీపాలు వెలిగేవేళకి మరదలు వస్తానంది, ఈ సైకిల్‌ని తీసుకెళ్ళడానికి. ఈలోపు ఈ రోడ్డు, మంగలి షాపు దాటి, నీళ్ళ ట్యాంకు దాటి, బేకరీ దగ్గర మలుపు తిరిగి ఇంటి గుమ్మం దాకా, ఒక్కసారి, వెనక కాదు, ముందు కూర్చుని. అంతకంటే ఆయన ఏమీ కోరుకోవడం లేదు. అంతకంటే పెద్ద కోరిక ఆయన ఈమధ్య ఏదీ కోరుకోలేదు కూడా.

మరదల్ని తప్పుపట్టడానికి లేదు. ఆమెకి అక్క అంటే ప్రాణం, బావగారంటే వేళాకోళం. ఇళ్ళకి వెళ్ళి, మంచాన పడ్డవాళ్ళకి పుళ్ళు కడిగి కట్లు కట్టే నర్సు, రోజంతా ఈ చివర్నుంచి ఆ చివరికి తిరగాలి, ఆమె సైకిల్ ఫ్రేము అతుకు దగ్గర చిట్లిపోయింది, ఇక వెల్డింగు ఆగదన్నారు. అక్క సైకిలేమో ఇంట్లో నడవలో గోడకి ఆనుకుని, ముందు చక్రం తలుపుకి అడ్డంగా, రెండేళ్ళుగా అలాగే ఉంది. "బావగారూ, మీరు నడిపితే అది మీదే, నోరెత్తను. నడపకపోతే నేను తీసుకెళ్ళిపోతాను. ఊరికే నిలబెడితే టైర్లు పగుళ్ళిస్తాయి, అక్క ఊరుకోదు," అంది. అక్క ఊరుకోదు, అని అంది, ఊరుకునేది కాదు, అనలేదు. ఆ చిన్న మాటకి ఆయన ఆమెకి చాలా రుణపడిపోయాడు. అందుకే కాదనలేక, "నడుపుతాను, ఈ నెలాఖరు లోపు నడిపి చూపిస్తాను," అనేశాడు. అన్నాక తన నోటిని తనే నమ్మలేకపోయాడు. ఇవాళే నెలాఖరు.

పెళ్ళిచూపుల్లో ఆమె అడిగిన మొదటి ప్రశ్న కూడా అదే, సైకిల్ తొక్కడం వచ్చా అని. బస్సెక్కడం బాగా వచ్చండీ అన్నాడాయన. ఆమె నవ్వేసింది, పెద్దవాళ్ళు ముఖాలు చూసుకున్నారు, సంబంధం అక్కడే కుదిరిపోయిందని ఆయన నమ్మకం. ఆయన పెరిగిన ఇల్లు మెట్ల సందులో ఉండేది, అందులో సైకిల్ పట్టదు, కాలేజీకి వెళ్ళే వయసొచ్చేసరికి ఇంకా నేర్చుకోలేదని చెప్పుకోవడమే సిగ్గయింది. ఆమె మునిసిపల్ ఈతకొలనులో పెద్దవాళ్ళకి ఈత నేర్పేది. నీళ్ళంటే వణికే గుమాస్తాలకీ, నానమ్మలకీ, ఒక మాజీ మేజిస్ట్రేటుకీ నేర్పింది. ఆయనకి సైకిల్ నేర్పడానికి ఒకే ఒక్క ఆదివారం ప్రయత్నించి, గట్టున కూర్చుని కళ్ళు తుడుచుకుంటూ నవ్వి, "కర్రకి చొక్కా తొడిగి ఎక్కించినట్టుందండీ, వద్దులెండి, మీ బరువు నేను మోస్తా," అంది. మోసింది. కొలను ఈ గేటుకి నాలుగు అడుగుల ఎగువన. సాయంత్రం ఆయన గోడ ఇవతల నిలబడి ఆమె కోసం ఎదురుచూసేవాడు, గోడ అవతల్నుంచి ఆమె గొంతు వినిపించేది, "గాలి వదలండి, లోపల దాచుకుని ఏం చేస్తారు, వదలండి," అని. తర్వాత తడి జుట్టు ముడేసుకుని వచ్చేది. ఆయన ఎక్కి కూర్చునేవాడు. అన్నేళ్ళపాటు ఆయన ఈ రోడ్డుని ఒక తడి జుట్టు ముడి పక్కనుంచే చూశాడు, ముడి కుడివైపు ఉంటే నీళ్ళ ట్యాంకు కనబడేది కాదు, ఎడమవైపు ఉంటే బేకరీ కనబడేది కాదు. క్లోరిన్ వాసనా, సబ్బు వాసనా. మంగలి ఆయనకి వెనకసీటు అని పేరు పెట్టాడు. వీధంతా అలాగే పిలిచింది. ఆమె పోయాక, జాలిపడి, ఎవరూ పిలవడం లేదు. ఆ జాలి ఆయనకి అర్థమవుతుంది. కానీ ఆ పేరు కోసం చెవులు వెతుక్కుంటాయి.

ఆ రోజు ఆపిల్ దగ్గర మొదలైంది. ఆ తర్వాత అంతూ పొంతూ లేదు. ఆమె ముందు, ఆయన వెనక, ఆమె తల తిప్పదు, అయినా అన్నీ చూస్తుంది. "ఆవలింతలు చాలు, ఇల్లొచ్చేస్తోంది." "సంచీ జారుతోంది, పట్టుకోండి." "ఎవరికండీ ఆ చెయ్యి ఊపుతున్నారు, ఆవిడ ఎవరు?" ఆయన పరీక్షలు పెట్టాడు. ఒకసారి ఆమె తల వెనక రెండు వేళ్ళు కొమ్ముల్లా పెట్టాడు, "అవి నాకు నప్పవు, మీరు పెట్టుకోండి," అంది. ఒకసారి నాలుక బయటపెట్టాడు, దానికేమీ అనలేదు. ఒక్కోరోజు ఏం చేసినా ఏమీ అనేది కాదు, గొడుగు తిప్పినా, చేతులు రెక్కల్లా ఆడించినా, ఆ రోజు ఆమె వట్టి మనిషి. మర్నాడు మళ్ళీ అన్నీ తెలిసేవి. బెల్లులో ప్రతిబింబం కనబడుతుందేమోనని చూశాడు, బెల్లు ఎప్పుడో తుప్పుపట్టి మసకబారింది. అద్దమా అంటే అద్దం లేదు. ఎలా తెలుస్తుంది నీకు, అని అడిగితే ఎప్పుడూ ఒకటే జవాబు, "ముందు కూర్చుంటే మీకే తెలుస్తుంది." ఆస్పత్రిలో కూడా అడిగాడు. ఆ మధ్యాహ్నం ఎవరో వార్డులో ఆమె మంచాన్ని కిటికీ పక్కకి జరిపారు, ఎవరూ అడక్కుండానే జరిపారు, ఎవరు జరిపారో ఇప్పటికీ తెలియదు, ఎండ ఆమె పాదాల మీద పడింది. ఇప్పుడైనా చెప్పవా అన్నాడు. ఆమె నవ్వింది. "చెప్తే ఇక మీరు నేర్చుకోరు," అంది. ఆ తర్వాత ఆమె ఊపిరి వినడం కోసం ఆయన తన ఊపిరి బిగబట్టి కూర్చునేవాడు.

ఊపిరి. మొత్తం చిక్కంతా అక్కడే ఉందని మొన్నటిదాకా ఆయనకి తెలియదు. వర్క్‌షాపు వెనక రేకుల షెడ్డు ఉంది, పాత కాటాలు, విరిగిన త్రాసు దండెలు పడేసే చోటు, మధ్యలో ఖాళీ నేల. పని అయ్యాక అందరూ వెళ్ళేదాకా ఆగి, సైకిల్‌ని లోపలికి తోసుకెళ్ళి, అక్కడ నేర్చుకున్నాడు. పక్క బల్ల ఆవిడ ఒక్కతే ఆగి, వెనక సీటు పట్టుకునేది. ఆవిడా ఆయనా ఇరవై ఏళ్ళుగా పక్కపక్కన పనిచేస్తున్నారు, ఆయన త్రాసులు సరిచేస్తే ఆవిడ తూకపురాళ్ళు సరిచేస్తుంది. ఆవిడ వదిలేయడం, ఆయన నాలుగు గజాలు పోవడం, బిగుసుకుని పక్కకి ఒరగడం, పడడం. రోజూ అదే. మోకాలు గీసుకుపోయింది, మోచెయ్యి గీసుకుపోయింది, ఒకరోజు పాత కాటా పళ్ళెంలోనే వెళ్ళి కూర్చున్నాడు, ఆవిడ ముల్లు వైపు చూసి, "మాస్టారూ, కాస్త తగ్గారు," అంది. ఎప్పుడూ ఒకేచోట పడుతున్నాడు, అటు చివరి కిటికీకి కొంచెం ఇవతల. నేలలో ఏదైనా గుంట ఉందేమోనని ఇద్దరూ వంగి చూశారు. గుంట లేదు. అప్పుడు ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని, "మాస్టారూ, మీరు ఎక్కాక ఊపిరి తీసుకోవడం లేదు," అంది.

నిజమే. ఈ పనిలో ఉన్నవాళ్ళు మాత్రమే చేసే పొరపాటు అది. మంచి త్రాసు ముందు ఎవరూ ఊపిరి వదలరు, వదిలితే పళ్ళెం కదులుతుంది, పనంతా మళ్ళీ మొదటికొస్తుంది. చేరిన మొదటి రోజే నేర్పుతారు, ముల్లు చదివేటప్పుడు ఊపిరి ఆపు, చదివాక తల పక్కకి తిప్పి వదులు అని. అది ఒంటికి పట్టేస్తుంది. పాలు వంచేటప్పుడు ఆపుతారు, సూదిలో దారం ఎక్కించేటప్పుడు ఆపుతారు, నిద్రపోతున్న మనిషి ముఖం చూసేటప్పుడు ఆపుతారు. సైకిల్ ఎక్కగానే, ఇదీ తూకమే కదా అనుకుంది ఒళ్ళు, ఆపేసింది. ఎంతదాకా ఆపగలడో అంతదాకా పోయాడు, కిటికీ దగ్గర ఇక పట్టలేక వదిలాడు, పళ్ళెం కదిలినట్టు కదిలి పడ్డాడు. "గాలి వదలండి మాస్టారూ, ఇక్కడ త్రాసు లేదు," అంది ఆవిడ, ఆ మాట ఇంతకుముందు ఎక్కడ, ఏ గోడ అవతల్నుంచి విన్నాడో ఆవిడకి తెలియదు. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఇంకోటి కూడా తట్టింది. మంచి త్రాసు ముల్లు ఎప్పుడూ ఆగదు, ఆగేదాకా ఎదురుచూస్తే పొద్దుగూకుతుంది, అది అటెంత ఊగుతోందో ఇటెంత ఊగుతోందో చూసి మధ్యని పట్టుకోవాలి, బతుకంతా చేసిన పని అదే. మరి సైకిల్‌ని మాత్రం కదలకుండా ఆపుదామని ఎందుకు చూశాడు? ఊగనీ. కొంచెం అటు, కొంచెం ఇటు. నిన్న సాయంత్రం షెడ్డు చుట్టూ తిరిగాడు, ఒక చుట్టు, మళ్ళీ ఒకటి, దిగడం తెలియక మూడోది కూడా. ఆవిడ తూకపురాయి మీద ఇంకో తూకపురాయి వేసి కొట్టి చప్పట్ల బదులు మోగించింది.

ఇక ఆలోచిస్తే కాలు కదలదు. ఎడమ కాలు పెడల్ మీద, కుడి కాలితో నేలని తన్నడం, ఒకసారి, రెండుసార్లు, ఎక్కాడు, హ్యాండిల్ అటు తిరిగింది, ఊగనీ, ఇటు తిరిగింది, ఊగనీ, వదులు, గాలి వదులు, వదిలాడు, పడలేదు, మళ్ళీ పీల్చాడు, షెడ్డులో నేల చదును, ఇక్కడ రోడ్డే లాక్కుపోతోంది, తొక్కక్కర్లేదు, చక్రాలు వాటంతటవే, ఆమె ఇక్కడ తొక్కేది కాదన్నమాట, కాళ్ళు ఊరికే పెట్టుకుని కూర్చునేది, బరువు మోస్తున్నానని గొప్పలు చెప్పిందే, రోడ్డు మోస్తే, నవ్వొచ్చింది, నవ్వితే ఊగింది, పర్వాలేదు, బ్రేకు కొంచెం, కొంచెమే, వర్క్‌షాపు గోడ నీడలోంచి పోతోంది సైకిల్, చల్లగా ఉంది, మంగలి షాపు, మంగలి చేతిలో కత్తెర, కుర్చీలో ఎవరిదో సగం కత్తిరించిన తల, మంగలి బయటికి చూశాడు, కత్తెర ఆగిపోయింది. "ఏంటి వెనకసీటు గారూ, ప్రమోషనా?" అని అరిచాడు. పిలిచేశాడు. ఆ పేరు. జాలి మరిచిపోయి పిలిచేశాడు. జవాబివ్వాలని ఉంది, కానీ జవాబూ సైకిలూ రెండూ ఒకేసారి రావు, బెల్లు కొట్టాడు, అదే జవాబు.

నీళ్ళ ట్యాంకు వస్తోంది, దాని నీడ రోడ్డుకి అడ్డంగా చీకటి దుప్పటిలా పడి ఉంది, అందులోకి దూరాడు, బయటికొచ్చాడు, అక్కడ్నుంచి ఇటూ అటూ గోడల్లేవు, మేడల్లేవు, సూర్యుడు వెనక ఎక్కడో ఒక వారగా దిగుతున్నాడు, ఎండ మొత్తం ఒక్కసారి వీపు మీద పడింది, వెచ్చగా, ఎవరో చెయ్యి వేసినట్టు, కళ్ళు రోడ్డు మీదే పెట్టుకోమంది పక్క బల్ల ఆవిడ, చక్రం కిందకి చూడొద్దు, ముందుకి చూడు, ముందుకి చూశాడు. రోడ్డు మీద ఎవరో ఉన్నారు. పొడుగాటి మనిషి ఒకడు సైకిల్ మీద ఆయన కంటే ముందు పోతున్నాడు, ఎడమవైపుకి కాస్త వాలి, సన్నగా సాగిపోయి, చక్రాల పుల్లలు కూడా కనబడుతున్నాయి, మెడ కనబడుతోంది, చెవులు కనబడుతున్నాయి, ఆ మనిషి వెనక క్యారియర్ మీద మూటలా ఏదో ఉంది, అది మెల్లగా పక్కకి జరుగుతోంది, ఇంకొంచెం జరిగింది, పడిపోతుంది, "సంచీ జారుతోంది, పట్టుకోండి," అన్నాడాయన, పైకే అన్నాడు, ఎవరితోనో అన్నట్టు, అనేశాక తెలిసింది ఏమన్నాడో.

ఓసినీ. ఇంతేనా. ఇంతేనా ఇన్నాళ్ళూ. ఒక చెయ్యి వెనక్కి పెట్టి సంచీని సర్దాడు, ఒంటిచేత్తో నడిపాడు, నడిపినట్టు కూడా తెలియలేదు, రోడ్డు మీద నీడ కూడా చెయ్యి వెనక్కి పెట్టి సంచీని సర్దింది. ఆపిల్ చెక్కలు చెరో అరచేతిలో, చేతులు రెండు పక్కలకీ చాచి, ఈ రోడ్డు మీద ఎంత పెద్ద త్రాసు కనబడి ఉంటుంది ఆమెకి, రోడ్డు ఈ అంచు నుంచి ఆ అంచుదాకా, ఎటు పళ్ళెం దిగిందో చిన్నపిల్ల కూడా చెప్తుంది. ఆవలిస్తూ చేతులెత్తి ఒళ్ళు విరవడం, కొమ్ములు, చెయ్యి ఊపడం. నాలుక కనబడదు, ముఖానికి నీడలో ముక్కూ నోరూ ఎక్కడివి. ఏమీ తెలియని రోజులు మబ్బు పట్టిన రోజులు. నాకెందుకు తట్టలేదు, మబ్బని ఎందుకు తట్టలేదు, తట్టదు, ఆయన కళ్ళముందు ఎప్పుడూ జుట్టు ముడి ఉండేది, ముడి పక్కనుంచి చూసేవాడికి ముందు రోడ్డు మీద ఏముందో ఎక్కడ తెలుస్తుంది. ఆమెకి తను కనబడడు అనుకున్నాడు. మొహం చూడలేని చోట కూర్చున్నాను, ఆమె రోడ్డు చూసుకుంటోంది, నేను వెనక ఒక మూటని, అని. మూట కాదు. అన్ని సాయంత్రాలూ ఆమె ఆయన్నే చూస్తూ ఇంటికి తీసుకొచ్చింది. ఇద్దరూ కలిసి కనబడేవారు ఆమెకి, పక్కపక్కన, పొడుగ్గా, రోడ్డు మీద పరుచుకుని, ఆ బొమ్మని తొక్కుకుంటూ వచ్చేది. చెప్తే నేర్చుకోరంది. నిజమే, చెప్పి ఉంటే ఆహా అనుకుని బస్సెక్కేవాడు. గాలి మొహానికి కొడుతోంది, కళ్ళు నీళ్ళు కారుతున్నాయి, గాలికే, కొంత గాలికే, నవ్వు పొంగి పైకొస్తోంది, ఈత నేర్చుకున్న మేజిస్ట్రేటు మొదటిసారి తేలినప్పుడు కొలనంతా వినబడేలా నవ్వాడట, ఆమె చెప్పింది, ఇలాగే ఉండి ఉంటుంది ఆయనకి, మనిషి తేలితే ఇలాగే ఉంటుంది. రెండు చేతులూ వదిలి చాచాలనిపించింది, అంత రాదు, ఒక చెయ్యి చాచాడు, నీడ కూడా చాచింది. బేకరీ. మలుపు. బ్రేకు. నీడ పక్కకి తిరిగి, గోడెక్కి, సన్నబడి, వెళ్ళిపోయింది.

మరదలు గుమ్మం మెట్ల మీద కూర్చుని ఉంది, ఒళ్ళో మందుల సంచీ. ఆయన్ని చూసి లేచింది. ఆయన ఆపడం సరిగా రాక మెట్టుకి చక్రం ఆనించి ఆపాడు.

"నిజం చెప్పండి బావగారూ, నడుపుకుంటూ వచ్చారా, మలుపుదాకా తోసుకొచ్చి ఎక్కారా?"

"మంగలిని అడుగు."

"అడుగుతా. ఆయన మీ పార్టీ అయినా అడుగుతా." ఆమె సైకిల్ చుట్టూ ఒకసారి తిరిగి, ఆయన మోచేతి గాయం చూసి, పెదవి విరిచింది. "ఇది నాకు చూపించలేదేం, నర్సు మరదల్ని పెట్టుకుని. సరే, మాటంటే మాటే. ఉంచుకోండి. నాకు నడకే మంచిది, ఒళ్ళు తగ్గుతుంది."

ఆమె చెప్పుల వైపు చూశాడు. ఎడమ చెప్పు తెగితే, పుళ్ళకి వేసే తెల్ల ప్లాస్టరుతో చుట్టి నడుస్తోంది. ఆయన వంగి క్యారియర్ మీద తాడు విప్పాడు, సంచీ తీసుకున్నాడు, హ్యాండిల్ ఆమె వైపు తిప్పాడు.

"తీసుకెళ్ళు. రేపు పొద్దున ఎన్ని ఇళ్ళకి వెళ్ళాలో ఏమో."

"అదేంటి, నేర్చుకున్నారు కదా. ఇంత పడీ లేచీ నేర్చుకుని ఇచ్చేస్తారా?"

"ఇచ్చేయడం కాదు. ఆదివారం నాకు కావాలి. సాయంత్రం పూట. మబ్బు పడితే మాత్రం అక్కర్లేదు."

ఆమె ఆయన ముఖంలోకి పరీక్షగా చూసింది, జ్వరం ఉందేమోనని చూసినట్టు. "సాయంత్రమే ఎందుకు? మబ్బుకీ సైకిలుకీ ఏంటి సంబంధం?"

చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. ఆగాడు. "ముందు కూర్చుంటే నీకే తెలుస్తుంది," అన్నాడు.

ఆ మాట ఎవరిదో ఆమెకి గుర్తొచ్చింది. మందుల సంచీని క్యారియర్ మీద కట్టుకుని, ఎక్కి, బెల్లు ఒకసారి మోగించి వెళ్ళింది. వీధి దీపాలు అప్పుడే వెలుగుతున్నాయి. ఒక్కో దీపం దాటినప్పుడల్లా ఆమె నీడ వెనకనుంచి కాళ్ళ కిందికి వచ్చి, కిందనుంచి ముందుకి సాగుతోంది, ఆమె చూసుకోవడం లేదు, ఆదివారం లోపు చూసుకుంటుందో లేదో. మలుపు తిరిగేదాకా ఆయన నిలబడ్డాడు. లోపలికి వచ్చి డబ్బా బల్ల మీద పెట్టాడు, నడవలో గోడ మీద హ్యాండిల్ రాసుకున్న గీతని వేలితో ఒకసారి తడిమాడు. ఇన్నాళ్ళూ ఈ తలుపు వేయాలంటే ముందు చక్రాన్ని ఎత్తి పక్కకి జరపాలి, ఉన్నన్నాళ్ళూ ఆమె కాలితో జరిపేది, ఆయన చేత్తో జరిపేవాడు. ఇప్పుడు అడ్డమేమీ లేదు. బిగబట్టిన ఊపిరి వదిలి, తలుపు చప్పుడు కాకుండా వేశాడు.